సరిహద్దు ఆవలి విద్యార్థి: ఇంటి రుసుము, పొరుగు రుసుము

(భిలాయి ఉక్కు నగరంలోని సుపేలాలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం వినడానికి కొంత పొడిగా తోచవచ్చును. ఒక రాష్ట్రంలో నివసిస్తూ మరొక రాష్ట్రపు కళాశాలలో చేరగోరే విద్యార్థి ఎంత రుసుము చెల్లించవలె? అక్కడి విద్యార్థికంటె ఎక్కువ ఎందుకు చెల్లించవలె? చట్టాల పుస్తకాలలో ఇది నాలుగు పేజీల ముచ్చట. కాని ఈ ఊరి తెలుగు ఇళ్ళలో బిడ్డ ఎనిమిదవ తరగతి దాటినది మొదలు ఈ ప్రశ్న భోజనాల దగ్గరకు వచ్చి కూర్చుంటుంది. ఇక్కడే ఉంచి చదివించుదుమా, విశాఖపట్నం పంపుదుమా? పంపితే అక్కడ మనవాడు స్థానికుడవుతాడా? కాకపోతే ఎంత ఖర్చు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం ఒకే చోట దొరకదు గనుక, దొరికినంత మేరకు మీ ముందు ఉంచుతాను.

తెలుగువారు ఈ ప్రాంతానికి ఎట్లా వచ్చినారో మీకు నేను చెప్పనక్కరలేదు. 1931లో రాయపూర్–విజయనగరం రైలుమార్గం పూర్తయిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి మహానది మైదానం ఒక రాత్రి ప్రయాణమంత దగ్గరయినది. పార్వతీపురంలో రైలెక్కినవాడు రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఒక్క బండిలో ఇక్కడికి చేరగలిగినాడు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించేనాటికి ఆ మార్గాన వచ్చిన తాపీ పనివారు, ఫిట్టర్లు, వెల్డర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు ఈ ఊరిలో కుదురుకొంటున్నారు. సెక్టార్లలో క్వార్టరు దొరికినవారు అక్కడ ఉన్నారు. దొరకనివారు, పదవీ విరమణతో క్వార్టరు వదలవలసినవారు జి.ఇ. రోడ్డు పొడవునా పెరిగిన సుపేలా వంటి పేటలలో ఇళ్ళు కట్టుకొన్నారు. ఆదివారపు సంతలో బేరమాడే గొంతులలో ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాస వినబడుతూనే ఉన్నది. తాత వలస వచ్చినాడు, తండ్రి ఇక్కడ పుట్టినాడు, మనుమడు హిందీలో కల గంటున్నాడు. ఇప్పుడు మనం మాట్లాడవలసినది ఆ మనుమణ్ణి గురించి.

భిలాయి ఒప్పందం మీద సంతకాలు జరగడానికి సరిగా ఆరు రోజుల ముందు, అంటే 1955 జనవరి 27న, ఢిల్లీలో సర్వోన్నత న్యాయస్థానం ఒక తీర్పు వెలువరించింది. ఈ రెండింటికీ అప్పుడు ఎవరూ సంబంధం చూసి ఉండరు. కాని భిలాయిలో పుట్టబోయే పిల్లల చదువుమీద ఆ తీర్పు నీడ ఎంతో కాలం నిలిచింది. అది డి.పి. జోషి, మధ్యభారత్ రాష్ట్రాల మధ్య వ్యాజ్యం. ఇందూరులోని మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాలలో ఢిల్లీ నివాసి ఒకరు 1952లో చేరినారు. అందరితోపాటు బోధన రుసుము చెల్లించడమే కాక, ఏడాదికి 1,500 రూపాయల కాపిటేషన్ రుసుము కూడ చెల్లించవలెనని ఆయనను అడిగినారు. మధ్యభారత్ నివాసులకు ఈ అదనపు రుసుము లేదు. బయటివారికి మాత్రమే ఉన్నది. పుట్టిన చోటును బట్టి పౌరుల మధ్య భేదం చూపరాదని రాజ్యాంగం 15వ అధికరణం చెప్పుచుండగా ఇదేమి న్యాయమని ఆయన అడిగినారు.

అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు రాష్ట్రం పక్షాన నిలిచినారు. జస్టిస్ వెంకటరామ అయ్యర్ రాసిన ఆ తీర్పు సారం ఇది: పుట్టిన చోటు వేరు, నివాసం వేరు. రాజ్యాంగం నిషేధించినది మొదటిదానిని బట్టి చూపే భేదమే. రాష్ట్రం తన ఖజానానుండి కళాశాలను నడుపుచున్నప్పుడు తన నివాసులకు కొంత మేలు చేయదలచడం అసమంజసం కాదు. అక్కడ చదివిన వైద్యులు అక్కడే స్థిరపడి ప్రజలకు ఉపయోగపడే అవకాశమూ ఎక్కువ. జస్టిస్ జగన్నాధదాస్ ఒక్కరు మాత్రం దీనితో ఏకీభవించలేదు.

ఈ తీర్పును తిట్టిపోయడం సులభం. నేను ఆ పని చేయను. పన్ను కట్టిన వాని బిడ్డకు ముందు చోటు అనేది ఊరి చెరువు నీరు మొదట ఊరి మడికి అన్నంత సహజమైన మాట. పేద రాష్ట్రం తన కొద్దిపాటి వైద్య సీట్లను కాపాడుకొనడంలోనూ తప్పు లేదు. అసలు చిక్కు తరువాతి మెట్టులో ఉన్నది: ఎవడు ఊరివాడు? దానిని ఏ కొలతతో కొలవవలె?

మధ్యభారత్ నియమాలు ఈ కొలతను నాలుగు విధాలుగా చెప్పినవి. మూల నివాసం అక్కడే ఉన్నవారు ఒక తరగతి. బయటినుండి వచ్చి స్థిరపడి, దరఖాస్తునాటికి అయిదు సంవత్సరాలకు తక్కువ కాకుండ నివసించినవారు రెండవ తరగతి. 1948 సెప్టెంబరు 30కి ముందు పాకిస్తాన్ నుండి వలస వచ్చి అక్కడే ఉండదలచినవారు మూడవ తరగతి. నాలుగవది చాలమంది కంట పడకుండ పోయింది: రాష్ట్రానికి ఆనుకొని ఉన్న ప్రాంతపు వ్యక్తులను గాని, వర్గాలను గాని, అర్హులని ప్రభుత్వం ప్రకటిస్తే వారు కూడ నివాసులతో సమానమే. ఈ నాలుగవ ఖండిక దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఒక చిన్న లెక్క చూడండి. 1955లో దుర్గ్ జిల్లా కుర్రవాడు ఇందూరులో చేరదలిస్తే అతడు పరాయి రాష్ట్రంవాడు. ఎందుకంటే దుర్గ్ అప్పుడు మధ్యప్రదేశ్‌లోనిది, ఇందూరు మధ్యభారత్‌లోనిది. 1956 నవంబరు 1న మధ్యభారత్ మధ్యప్రదేశ్‌లో కలిసింది. ఆ కుర్రవాడు ఇందూరుకు సొంతవాడయినాడు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. అతని మనుమడు ఇందూరుకు మళ్ళీ పరాయివాడు. మూడు తరాలు ఇల్లు కదలలేదు. గీత కదిలింది.

నా వృత్తి హిందీనుండి తెలుగులోకి అనువాదం. కథలు, నవలలకంటె ధ్రువపత్రాల అనువాదానికే ఎక్కువమంది నన్ను వెదుక్కొంటూ వస్తారు. అందుచేత మాటల సంగతి కొంచెం ఎక్కువగా చెప్పుతాను. ఇది వృత్తిదోషమని మన్నించండి. ఇక్కడి తహసీలు కార్యాలయం ఇచ్చే పత్రాన్ని హిందీలో ‘మూల్ నివాసీ ప్రమాణ్‌పత్ర్’ అంటారు. దీనిని తెలుగులో ‘మూలవాసి’ అని రాస్తే అర్థం తలక్రిందులవుతుంది. మన భాషలో మూలవాసి అంటే అడవిబిడ్డ, ఆదివాసి. ‘స్థానికుడు’ అని రాస్తే మరొక ప్రమాదం: ఆంధ్రదేశంలో ఆ మాటకు చట్టం ఇచ్చిన ప్రత్యేకార్థం ఒకటి ఉన్నది, దానిని చూసిన గుమాస్తా ఈ పిల్లవాడు విశాఖలో స్థానికుడని భ్రమపడవచ్చును, లేదా మోసమని అనుమానించవచ్చును. అందుచేత నేను ‘ఛత్తీస్‌గఢ్ స్థిరనివాసి’ అని రాసి ఊరుకొంటాను. సొగసు లేదు గాని గొడవ కూడ లేదు.

డొమిసైల్ అనే ఇంగ్లీషు మాటకు హిందీ చట్టభాష ‘అధివాస్’ అన్నది. తెలుగువారికి అధివాసం అనగానే ఆలయం గుర్తుకు వస్తుంది. కొత్త విగ్రహాన్ని ప్రతిష్ఠించే ముందు జలాధివాసం, ధాన్యాధివాసం చేస్తారు గదా! నీటిలోను, ధాన్యంలోను కొంతకాలం ఉంచినగాని శిలకు పీఠం ఎక్కే అర్హత రాదు. మన రాష్ట్రాలు విద్యార్థిని అడుగుతున్నదీ అదే: ఇన్నేళ్ళు ఈ నీటిలో మునిగి ఉండు, తరువాత చూస్తాము. ఎన్నేళ్ళు, ఏ నీరు అన్నదానిలోనే తేడా.

ఇక ఆంధ్రదేశం సంగతి. నిజాం కాలపు ముల్కీ నిబంధనలు, 1969 నాటి తెలంగాణ ఉద్యమం, 1972–73 నాటి జై ఆంధ్ర ఉద్యమం, వీటి వేడి చల్లార్చడానికి 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. దానిని అమలుచేయడానికి రాజ్యాంగాన్ని 32వ సారి సవరించి 371–డి అధికరణం చేర్చినారు. ఆ అధికరణం కింద 1974లో రాష్ట్రపతి విద్యాసంస్థల ప్రవేశాల ఉత్తర్వు జారీచేసినారు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను మూడు స్థానిక ప్రాంతాలుగా తీసుకొని, ఒక్కొక్క ప్రాంతంలో సీట్లలో అధికభాగం అక్కడి స్థానికులకు కేటాయించినారు. ఆ భాగం నూటికి 85గా స్థిరపడింది.

స్థానికుడు అంటే ఎవరు? ఉత్తర్వు ఇక్కడ పుట్టుకను అడగలేదు, కులగోత్రాలను అడగలేదు, మాతృభాషను కూడ అడగలేదు. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు ఆ ప్రాంతపు విద్యాసంస్థలలో చదివి ఉండవలెనన్నది. అంటే తొమ్మిది, పది, ఇంటర్మీడియట్ రెండేళ్ళు. ఈ కొలతలో ఒక ఉదారత ఉన్నదని నేను అనుకొంటాను. బీహారునుండి వచ్చిన మేస్త్రి కొడుకు విశాఖలో తొమ్మిదవ తరగతినుండి చదివితే అతడు అక్కడ స్థానికుడే. కాని అదే కొలత టెక్కలి నుండి భిలాయికి వచ్చిన మేస్త్రి కొడుకును బయట నిలబెట్టుతుంది. మన ఇళ్ళలో చాలమంది పదవ తరగతి ఇక్కడ ముగించి, ఇంటర్మీడియట్‌కు మాత్రమే పిల్లలను విజయవాడకో, విశాఖకో పంపుతున్నారు. నాలుగింటికి రెండేళ్ళే చేతికి వస్తున్నవి. హాస్టలు ఖర్చు పెట్టి, బిడ్డను దూరం చేసుకొని, చివరకు స్థానికత రాకపోవడం చూసి బాధపడిన తల్లిదండ్రులు ఈ సభలోనే ఉన్నారు. పంపదలచినవారు ఎనిమిది ముగియగానే పంపవలె. లేదా ఇక్కడే ఉంచవలె. పదవ తరగతి తరువాత పంపడం రాష్ట్ర ప్రవేశాల దృష్టిలో మధ్యేమార్గం కాదు, రెండు విధాల నష్టం.

మిగిలిన నూటికి 15 సీట్ల మాట వినగానే అవి దేశమంతటికీ తెరిచినవని చాలమంది అనుకొంటారు. కావు. స్థానికులతో పాటు, రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివసించినవారు, లేదా తల్లిదండ్రులలో ఒకరయినా మొత్తం పదేళ్ళు నివసించిన పిల్లలు, రాష్ట్రంలో పనిచేసే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగుల పిల్లలు మొదలైనవారికే ఆ ద్వారం. ఇక్కడ తరాల లెక్క మళ్ళీ వస్తుంది. ఇరవయ్యేళ్ళవరకు ఆమదాలవలసలో పెరిగి భిలాయి కర్మాగారంలో చేరిన తండ్రి ఉన్నాడనుకొనండి. ఆయన పదేళ్ళ నివాసానికి ఆధారం చూపగలడు; ఆయన కొడుకుకు ఆ 15లో పోటీపడే అర్హత ఉన్నది. ఆ కొడుకు ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, ఇక్కడి తెలుగు పిల్లనే పెండ్లాడితే, వారి బిడ్డకు చూపడానికి ఏమీ మిగలదు. ఉత్తర్వులో తాతకు చోటు లేదు. విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసే తమిళ సోదరుని బిడ్డకు ఉన్న అర్హత, భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే మూడవ తరం తెలుగువాని బిడ్డకు లేదు. రెండూ ప్రభుత్వరంగ సంస్థలే. నేను దీనిని అన్యాయమని అనడం లేదు. తమిళ సోదరుడు అక్కడ పన్ను కట్టుచున్నాడు, మనం ఇక్కడ కట్టుచున్నాము. కాని ఈ సంగతి తెలియక ‘మన రాష్ట్రం, మన సీటు’ అనే ధీమాతో బండి ఎక్కడం మంచిది కాదు.

మరి రుసుము మాట? ఆంధ్రలో గాని, తెలంగాణలో గాని బయటి విద్యార్థికి ఇంత అధికమని ఇందూరులో వలె చిట్టా రాసి గోడకు అంటించలేదు. తేడా సీటు రూపంలో వస్తుంది. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో కన్వీనర్ కోటా సీటు స్థానికతను బట్టి వస్తుంది. దానికి నియంత్రిత రుసుము, అర్హులకు ప్రభుత్వం ఆ రుసుమును తిరిగి చెల్లించే పథకం ఉంటవి. ఆ కోటాలోకి రాలేని భిలాయి విద్యార్థికి యాజమాన్యపు కోటా తెరిచి ఉంటుంది. అక్కడ ప్రభుత్వం చేయి అందించదు. ఒకే తరగతి గదిలో, ఒకే బల్లమీద, ఇద్దరికీ పెట్టుబడి వేరు. 1955లో 1,500 రూపాయలని స్పష్టంగా రాసినారు. ఇప్పుడు కోటా పేరు రాస్తున్నారు.

తెలుగునాట విభజన తరువాత ఈ గీత మరింత చిక్కనయినది. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయిన తరువాత, పాత కేటాయింపులు పదేళ్ళు కొనసాగవలెనని పునర్వ్యవస్థీకరణ చట్టం 95వ విభాగం చెప్పింది. ఆ గడువు 2024 జూన్ 2తో తీరిపోయింది. 2014లోనే తెలంగాణ ప్రభుత్వం విద్యార్థుల ఆర్థిక సహాయానికి 1956 నవంబరు 1కి ముందునుండి కుటుంబ నివాసాన్ని కొలతగా పెట్టి ఒక ఉత్తర్వు జారీచేసి, హైకోర్టులో వివాదమయిన తరువాత దానిని ఉపసంహరించుకొన్నది. చదివిన నాలుగేళ్ళను కొలవడానికీ, తాతముత్తాతల ఇంటిని కొలవడానికీ ఎంత అంతరమున్నదో ఆ వివాదం చూపింది. వైద్య విద్యలో వరుస నాలుగేళ్ళ చదువు అనే తెలంగాణ నియమాన్ని 2025 సెప్టెంబరు 1న సర్వోన్నత న్యాయస్థానం సమర్థించింది. కావున హైదరాబాదులో చదివించదలచిన వారికీ నేను ఇందాక చెప్పిన తొమ్మిదవ తరగతి లెక్కే వర్తిస్తుంది. ఏ సంవత్సరపు ప్రవేశాలకు ఆ సంవత్సరపు ప్రకటనే ప్రమాణం. పక్కింటి అబ్బాయి మూడేళ్ళ క్రితం ఎట్లా చేరినాడన్నది ప్రమాణం కాదు.

కర్ణాటక కథ తెలుగువారికి బాగా తెలిసినదే. ఇక్కడ సీటు దొరకక తుంగభద్ర దాటి వెళ్ళిన తెలుగు విద్యార్థులు ఒక తరమంతా ఉన్నారు. 1989లో ఆ రాష్ట్రం ప్రైవేటు వైద్య కళాశాలలకు మూడు ధరలు నిర్ణయించింది: ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2,000 రూపాయలు, ఆ సీటు దొరకని కర్ణాటక విద్యార్థికి 25,000 మించకుండ, బయటి రాష్ట్రపు భారతీయ విద్యార్థికి 60,000 మించకుండ. మీరట్ నుండి వచ్చిన మోహినీ జైన్ అనే విద్యార్థిని తుమకూరు కళాశాలలో ఈ మూడవ ధర చెల్లించలేక న్యాయస్థానానికి వెళ్ళినది. 1992 జూలై 30న సర్వోన్నత న్యాయస్థానం ప్రభుత్వ సీటుకు మించి వసూలు చేసేది ఏ పేరు పెట్టినా కాపిటేషన్ రుసుమేనని చెప్పింది. మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యంలో ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అనే పద్ధతి వచ్చింది, 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పుతో ఆ పద్ధతీ పోయింది. తీర్పులు వస్తూ పోతూ ఉన్నవి. బయటినుండి వచ్చిన వాని జేబుకు పడే బరువు మాత్రం ఏదో ఒక పేరుతో నిలిచి ఉన్నది.

రుసుము ఒక్కటే కాదు, రిజర్వేషను కూడ సరిహద్దు దాటదు. తెనాలిలో పుట్టిన ఒక బాలుని కథ చట్ట గ్రంథాలలో ఉన్నది. అతని కుటుంబానికి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ హోదా ఉన్నది. తండ్రి ప్రభుత్వరంగ ఎరువుల సంస్థలో ఉద్యోగంతో 1978లో బొంబాయి చేరినాడు. బాలుడు అక్కడే చదివి, వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగ సీటు కోరినాడు. ఒక రాష్ట్రంలో గుర్తింపు పొందిన తెగ మరొక రాష్ట్రంలో తనంతట తాను గుర్తింపు పొందజాలదని 1990లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆ న్యాయంలో కారణం ఉన్నది: వెనుకబాటుతనం ఆ నేలకు సంబంధించినది, ఆ నేలమీద కొలవవలసినదే. కాని పిల్లవాని చేతిలో ఏమి మిగిలిందో చూడండి. షెడ్యూల్డు హోదా పుట్టిన రాష్ట్రంలో నిలిచి ఉన్నది. స్థానికత చదివిన రాష్ట్రంలో నిలిచి ఉన్నది. రెండూ కలిసిన చోటు దేశపటంలో లేదు. సుపేలాలో అట్టి కుటుంబాలు ఒకటి రెండు కావు.

1955 తీర్పు తరువాత న్యాయస్థానం ఆలోచన ఏమీ కదలలేదని అనుకొనరాదు. 1984 జూన్ 22న ప్రదీప్ జైన్ వ్యాజ్యంలో జస్టిస్ భగవతి ఒక మౌలికమైన మాట చెప్పినారు: భారతదేశంలో ఉన్నది ఒకే అధివాసం, అది భారతదేశపు అధివాసం, రాష్ట్రానికొక అధివాసమనే మాటను వాడడం దేశ సమైక్యతకు హానికరం. వైద్య విద్యలో సీట్లన్నిటినీ రాష్ట్ర నివాసులకే ఉంచుకొనరాదని కూడ ఆ తీర్పు చెప్పింది. ప్రభుత్వ వైద్య కళాశాలలలో నూటికి 15 సీట్లు అఖిల భారత స్థాయిలో నింపే పద్ధతి ఆ వ్యాజ్యాల వరుసలో వచ్చినదే. 2025 జనవరి 29న, చండీగఢ్ కళాశాలకు సంబంధించిన వ్యాజ్యంలో, స్నాతకోత్తర వైద్య విద్యలో నివాసాన్ని బట్టి రిజర్వేషను చెల్లదని తీర్పు వచ్చింది. ఎం.బి.బి.ఎస్.కు మాత్రం రాష్ట్రాల కేటాయింపు కొనసాగుతున్నది. మెట్టు ఎక్కేకొద్ది గోడ సన్నగిల్లుతున్నదన్నమాట.

కేంద్ర సంస్థల సంగతి వేరు. 32వ రాజ్యాంగ సవరణ 371–డి తోపాటు 371–ఇ అనే మరొక అధికరణాన్ని కూడ చేర్చింది. దానికింద 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం వెలసింది. ఒకే సవరణ ఒక చేతితో స్థానిక ద్వారం బిగించి, మరొక చేతితో దేశమంతటికీ తెరిచిన ద్వారం ఒకటి కట్టింది. తెలుగు ఎం.ఎ. చదవగోరే భిలాయి పిల్లలకు అక్కడ సరిహద్దు అడ్డురాదు. ఐ.ఐ.టి.లలోనూ ఇంటి విద్యార్థి, పొరుగు విద్యార్థి అనే భేదం లేదు. 2016లో మొదలయిన భిలాయి ఐ.ఐ.టి. మన పొరుగునే ఉన్నది. ఎన్.ఐ.టి.లలో సగం సీట్లు సొంత రాష్ట్రంవారికి ఉన్నవి గాని, అక్కడ కొలత పన్నెండవ తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణుడయినాడన్నది. ఇంటర్మీడియట్‌కు విజయవాడ పంపిన బిడ్డ రాష్ట్ర కళాశాలకు పరాయివాడుగా, ఎన్.ఐ.టి. లెక్కలో ఆంధ్రుడుగా, రాయపూర్ ఎన్.ఐ.టి.కి బయటివాడుగా ఉంటాడు. ఈ వైచిత్రిని ఏ నవలాకారుడూ కల్పించజాలడు.

ఇది మన దేశానికే పట్టిన తలనొప్పి కాదు. అమెరికాలో ప్రతి రాష్ట్ర విశ్వవిద్యాలయానికీ ఇంటివారికొక రుసుము, బయటివారికొక రుసుము ఉన్నవి. కనెక్టికట్ రాష్ట్రం దరఖాస్తునాటికి బయట ఉన్న విద్యార్థిని చదువు ముగిసేవరకు బయటివాడుగానే లెక్కించే చట్టం చేస్తే, 1973లో అక్కడి సుప్రీం కోర్టు దానిని కొట్టివేసింది. అధిక రుసుము తప్పని అనలేదు. తాను ఇప్పుడు ఇక్కడివాడనని నిరూపించుకొనే అవకాశమే లేకుండ చేయడం తప్పని అన్నది. పొరుగు రాష్ట్రాలైన మిన్నెసోటా, విస్కాన్సిన్ 1960ల చివరనుండి పరస్పర ఒప్పందం చేసుకొని, ఒకరి విద్యార్థులనుండి మరొకరు బయటి రుసుము వసూలు చేయకుండ నడుపుకొంటున్నవి. ఐరోపాలో, చిత్రకథలు గీయడం నేర్చుకొనడానికి బెల్జియంలోని లియేజ్ నగరానికి వెళ్ళిన ఒక ఫ్రెంచి విద్యార్థినిని విదేశీ రుసుము అడిగినారు. 1985 ఫిబ్రవరి 13న ఐరోపా న్యాయస్థానం అది చెల్లదన్నది. బొమ్మల కథల విద్యార్థిని ఒక ఖండపు విద్యావిధానాన్ని కదిలించింది. ఆ న్యాయం వల్లనే స్కాట్లండులో చాల ఏళ్ళు ఒక వింత నడిచింది: పారిస్ విద్యార్థికి రుసుము లేదు, పక్కనున్న ఇంగ్లండు విద్యార్థికి ఉన్నది.

ఇక ఇందాక వాయిదా వేసిన నాలుగవ ఖండిక. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, శబరి నది ఒడ్డున కొంట అనే ఊరున్నది. అక్కడ తెలుగు వినిపిస్తుంది. ఒకవైపు ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, మరికొంత దూరాన తెలంగాణలోని భద్రాచలం, నది ఆవల ఒడిశా. ఆ ఊరి విద్యార్థికి తన రాష్ట్ర రాజధానికంటె పరాయి రాష్ట్రపు కళాశాలలు ఎంతో దగ్గర. నాలుగేళ్ళు ఆవల చదవకపోతే అతడు ఆవల స్థానికుడు కాడు. రాయగడ, గునుపురం తెలుగు పిల్లలదీ ఇదే స్థితి. 1950లలో మధ్యభారత్ ప్రభుత్వం వంటి ఒక చిన్న రాష్ట్రం తన నియమాలలో ‘ఆనుకొని ఉన్న ప్రాంతపువారు’ అనే మాట రాయగలిగినప్పుడు, నేటి నాలుగు రాష్ట్రాలు కూర్చుని సరిహద్దు తాలూకాలకు అట్టి ఏర్పాటు చేసుకొనడం అసాధ్యమని నేను అనుకొనను. అధిక సీట్లు అడగనక్కరలేదు. పరస్పరం సమానసంఖ్యలో మార్చుకొనవచ్చును. భిలాయి సరిహద్దు ఊరు కాదు, నిజమే. కాని కేంద్ర ప్రభుత్వరంగ సంస్థ పిలుపుమీద వచ్చి స్థిరపడిన కుటుంబాలకు, తాత నివాసాన్ని కూడ ఆ పదిహేను శాతపు అర్హతలో లెక్కించవలెనని కోరడానికి ఆధారం ఉన్నది. ఆ ఉత్తర్వులోనే ప్రభుత్వరంగ ఉద్యోగుల పిల్లలకు ప్రత్యేక స్థానం ఉన్నది గదా.

ఈ లోపల చేయవలసిన చిన్న పనులు కొన్ని ఉన్నవి. ఆరవ తరగతినుండి ప్రతి సంవత్సరపు స్టడీ సర్టిఫికెట్టు తీసి భద్రపరచండి. పాఠశాల మూతపడిన తరువాత దానికోసం తిరగడం ఎంత కష్టమో పడినవారిని అడగండి. తండ్రి గాని, తల్లి గాని ఆంధ్రలో చదివి ఉంటే వారి పాఠశాల పత్రాలు ఇప్పుడే తెప్పించండి. పదేళ్ళ నివాసానికి అవే మొదటి సాక్ష్యం. పదవీ విరమణ చేసినవారు సేవాకాలపు ధ్రువపత్రం క్వార్టరు ఖాళీ చేసే ముందే తీసుకొనండి. ఇక్కడి మూల నివాసి పత్రాన్ని చిన్నతనంగా భావించి వదలివేసినవారు కొందరున్నారు. ఇక్కడ పుట్టి పెరిగిన బిడ్డకు రాయపూర్‌లోనూ, దుర్గ్‌లోనూ ఇంటి రుసుము ఇప్పించేది ఆ కాగితమే.

మధ్యభారత్ నియమాలలోని ఆ నాలుగవ ఖండికను హిందీలోనికీ, తెలుగులోనికీ అనువదించి ఒక ప్రతి అధ్యక్షుల వారికి ఇచ్చినాను. మూడు ప్రభుత్వాలకు పంపదలచిన విజ్ఞప్తిలో దానిని చేర్చడమా, మానడమా అన్నది ఇప్పుడు సభ చర్చించి నిర్ణయించవలసి ఉన్నది.